రోమ్ శిథిలాలను గైడ్‌తో చూడటం ఎలా: టికెట్ కొనే రోజు నుంచి టూర్ మర్నాటి దాకా

లండన్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ, ఊరి నుంచి అమ్మానాన్నలు రాగానే రోమ్ చూపించడానికి బయల్దేరే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "కొలోసియానికి ఏ టూర్ మంచిది?"

కొలోసియం ఎదురుగా నిలబడితే అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కనున్న రోమన్ ఫోరమ్, అంటే పాత రోమ్ నగరపు నడి కూడలి, అలా కాదు. తెలియనివాళ్లకు అక్కడ కనిపించేవి నాలుగు స్తంభాలు, రాళ్ల గుట్టలు, నెత్తిన ఎండ. అందుకే గైడ్ మీద పెట్టే డబ్బు ఫోరమ్ కోసం పెట్టమంటాను. కింద రాసిందంతా ఆ లెక్క మీదే నడుస్తుంది.

## 1. దేనికి గైడ్ కావాలి, దేనికి అక్కర్లేదు

ఉన్నవన్నీ గైడ్‌తో చూస్తే జేబు ఖాళీ అవుతుంది, చెవులు మాత్రం నిండిపోతాయి. రెండో రోజుకి ఏ చక్రవర్తి ఎవరి కొడుకో గుర్తుండదు. నేనైతే ఇలా విడదీస్తాను.

- గైడ్ ఉండి తీరాలి: ఫోరమ్, దాని మీదున్న పలటైన్ కొండ.
- గైడ్ లేకుండా వదలరు: కాటకోంబ్‌లు అనే భూగర్భ సమాధులు.
- ఉంటే మేలు: ఓస్టియా ఆంటికా అనే పాత రేవు పట్టణం, వెసూవియస్ అగ్నిపర్వతం పేలి పూడిపోయిన పాంపే. రెండూ పెద్దవి, దారి తప్పుతాం.
- అక్కర్లేదు: పెద్ద గుమ్మటమున్న పాంథియన్, కరకల్లా స్నానశాలలు, ట్రేజన్ స్తంభం, లార్గో అర్జెంటీనా కూడలిలోని శిథిలాలు. చివరి రెండూ వీధిలో నిలబడే చూడొచ్చు.

మామూలు టికెట్‌తో చూసే కొలోసియం ఈ విభజనలో మధ్యలో ఉంటుంది. ఫోరమ్ టూర్‌లో కలిసి వస్తే మంచిదే, విడిగా దానికోసమే గైడ్ మాత్రం వద్దు.

## 2. నెల, రోజు, వేళ

మార్చి చివర నుంచి మే మొదటి వారాల దాకా, మళ్లీ అక్టోబర్, నవంబర్ బాగుంటాయి. జూలై, ఆగస్టుల్లో 35 డిగ్రీలు దాటడం మామూలే. రోహిణి కార్తె చూసినవాళ్లం, ఇదెంత అనుకోకండి. మనం ఆ ఎండలో ఇంట్లో ఉంటాం. ఇక్కడ నీడ లేని రాళ్ల మధ్య మూడు గంటలు నడవాలి.

రోజు ఖాయం చేసుకునే ముందు ఇవి చూసుకోండి:

- నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ స్థలాల్లో ప్రవేశం ఉచితం. అందుకే ఆ రోజు వెళ్లకండి. మిగిలిన డబ్బు క్యూలో కరిగిపోతుంది.
- జనవరి 1, డిసెంబర్ 25 కొలోసియం మూసేస్తారు. మిగతా రోజుల్లో సోమవారంతో సహా తెరిచే ఉంటుంది.
- ఓస్టియా, కరకల్లా స్నానశాలలకు సోమవారం సెలవు.
- చలికాలంలో కొలోసియం సాయంత్రం నాలుగున్నరకే మూస్తారు. చివరి ప్రవేశం దానికి గంట ముందే.

విమానం దిగిన రోజే టూర్ పెట్టుకోవద్దు. విమానం ఆలస్యమైతే స్లాట్ పోతుంది, డబ్బు వెనక్కి రాదు.

## 3. టికెట్: తడబడేది పేరు దగ్గరే

కొలోసియం, ఫోరమ్, పలటైన్ మూడింటికీ ఒకటే టికెట్. మామూలుది 18 యూరోలు, 24 గంటలు చెల్లుతుంది. బరి మీదకో నేలమాళిగల్లోకో వెళ్లనిచ్చేది 24 యూరోలు, రెండు రోజులు చెల్లుతుంది. ధరలు అప్పుడప్పుడూ మారతాయి కాబట్టి కొనే రోజున అధికారిక సైట్‌లోనే చూసుకోండి.

టికెట్ మీద ఉండే వేళ కొలోసియంలోకి వెళ్లడానికి. ఫోరమ్, పలటైన్ రెండూ ఒకే ఆవరణ, టికెట్ చెల్లే గడువులో ఎప్పుడైనా వెళ్లొచ్చు. అయితే ఒక్కసారే లోపలికి పంపుతారు. కాఫీ తాగి వద్దామని బయటికొస్తే అంతే సంగతులు.

అమ్మకం సాధారణంగా 30 రోజుల ముందు మొదలవుతుంది. నేలమాళిగల టికెట్లు చూస్తుండగానే అయిపోతాయి. ఇండియా నుంచి కొనేవాళ్లు వేళ తేడా గుర్తుంచుకోండి: ఇటలీ మనకంటే ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక.

ఇక పేరు సంగతి. 2023 అక్టోబర్ నుంచి కొలోసియం టికెట్లు పేరుతోనే ఇస్తున్నారు, గేటు దగ్గర గుర్తింపు పత్రంతో సరిచూస్తారు. మన చిక్కంతా ఇక్కడే. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు వెనక రాస్తారు. ఫారంలో 'నోమె' అంటే మన పేరు, 'కొన్యోమె' అంటే ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, ఇనీషియల్‌తో నడిపించేవాళ్లు మన పెద్దవాళ్లలో చాలామంది ఉంటారు.

మొదటిసారి నేను మా నాన్నగారి టికెట్ ఇనీషియల్‌తో తీసుకున్నాను. గేటు దగ్గరి మనిషి పాస్‌పోర్టునూ టికెట్‌నూ మార్చి మార్చి చూస్తుంటే వెనక క్యూ పెరుగుతోంది, నాన్నగారు "నా పేరు నాకే రాదంటున్నాడేమిట్రా" అంటున్నారు. చివరికి పంపించారు కానీ ఆ పది నిమిషాలూ నాకు చెమటలు పట్టాయి. అప్పటి నుంచి ఇలా చేస్తున్నాను:

- పాస్‌పోర్టు తెరిచి పెట్టుకుని, అక్షరం అక్షరం చూసి నింపడం.
- ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు పేరులోని చివరి మాటను కొన్యోమెలో వేయడం. ఒక్క మాటే ఉంటే రెండు గడుల్లోనూ అదే.
- "అందరికీ నా పేరే పెట్టేద్దాం" అనే ఆలోచన మానుకోవడం.
- 18 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితమే అయినా వాళ్ల టికెట్ కూడా బుక్ చేయడం. 18 నుంచి 25 మధ్యవాళ్లకిచ్చే తగ్గింపు యూరోపియన్ యూనియన్ పౌరులకే, మన విద్యార్థులకు రాదు.

టూర్ కంపెనీతో వెళ్తే టికెట్ వాళ్లే తీస్తారు, విడిగా కొనకండి. సొంతంగా గైడ్‌ను మాట్లాడుకుంటే, ఆయనో ఆవిడో ఆ వేళకు ఖాళీగా ఉన్నారని తేలాకే టికెట్ కొనండి. తలకిందులుగా చేస్తే స్లాట్ ఉంటుంది, గైడ్ ఉండరు.

## 4. డబ్బు కట్టే ముందు టూర్ వాళ్లను అడగాల్సినవి

ఇటలీలో పురాతన స్థలాలు చూపించి వివరించాలంటే గైడ్‌కు లైసెన్సు ఉండాలి. గుర్తింపు కార్డు మెడలో వేలాడుతుంటుంది. కార్డు లేకుండా మెట్రో స్టేషన్ బయట "మేడమ్, ఇంగ్లిష్ టూర్, ఇప్పుడే బయల్దేరుతోంది" అనేవాళ్లు టికెట్ అమ్ముకునేవాళ్లే తప్ప గైడ్‌లు కారు.

మెయిల్‌లో ఈ ప్రశ్నలు పంపండి. సరిగ్గా జవాబివ్వని కంపెనీని వదిలేయండి.

1. మూడు గంటల టూర్‌లో ఫోరమ్‌కు ఎంతసేపు? గంట కంటే తక్కువైతే అది కొలోసియం టూరే. ఫోరమ్‌ను చివర్లో "ఇక మీరే చూసుకోండి" అని చేతిలో పెట్టేవాళ్లు చాలామంది.
2. గుంపులో ఎంతమంది? పదిహేను దాటితే గైడ్ మొహం కనిపించదు, హెడ్‌సెట్‌లో గొంతు వినడమే.
3. కొలోసియంలో ఎక్కడిదాకా? మామూలు అంతస్తులా, బరి మీదకా, నేలమాళిగల్లోకా?
4. టికెట్ ధర కలిపేనా, విడిగానా? 18 యూరోల టికెట్ పోను గైడ్‌కు ఎంత కడుతున్నామో అప్పుడు తెలుస్తుంది.
5. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉన్నారు, దారి మార్చగలరా? కొలోసియంలో లిఫ్ట్ ఉంది, కానీ గుంపుతో ఉన్నప్పుడు గైడ్‌కు ముందే తెలియాలి.
6. వాన వస్తే, మీరే రద్దు చేస్తే డబ్బు సంగతేమిటి?

'క్యూ తప్పిస్తాం' అన్న ప్రకటన చూసి మురిసిపోకండి. తప్పేది టికెట్ కొనే క్యూ. సెక్యూరిటీ చెక్ అందరికీ ఉంటుంది.

తెలుగులో చెప్పే గైడ్ దొరుకుతారని ఆశపెట్టుకోవద్దు. ఇంట్లో ఇంగ్లిష్ అంతగా రానివాళ్లుంటే పెద్ద గుంపు టూర్‌కు బదులు మీ కుటుంబానికే ఒక గైడ్‌ను పెట్టుకోండి. ఆగి ఆగి చెప్పమని అడగొచ్చు, మధ్యలో మీరు తెలుగులో చెప్పొచ్చు. నలుగురైదుగురు ఉంటే ఖర్చులో తేడా అనుకున్నంత ఉండదు.

## 5. ముందురోజు రాత్రి

అరగంట చదవండి, చాలు. ఒక కాగితం మీద ఐదు గుర్తులు రాసుకోండి: క్రీ.పూ. 509లో రాజులు పోయి గణతంత్రం, క్రీ.పూ. 44లో సీజర్ హత్య, క్రీ.పూ. 27 నుంచి అగస్టస్ పాలన, క్రీ.శ. 80లో కొలోసియం ప్రారంభం, క్రీ.శ. 476లో పశ్చిమ సామ్రాజ్యం పతనం. గైడ్ ఏ పేరు చెప్పినా ఈ ఐదు మేకుల్లో ఒకదానికి తగిలించుకోవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకో మేకు ఇవ్వండి. అగస్టస్ రోమ్‌ను ఏలేనాటికి దక్కనులో శాతవాహనులు ఉన్నారు. దక్షిణాదిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఎక్కువ అగస్టస్, ఆయన తర్వాత వచ్చిన టైబీరియస్ ముద్రించినవే. నల్గొండ జిల్లా అక్కనపల్లిలోనూ రోమన్ నాణేల నిధి బయటపడింది. మా అమ్మకు ఈ సంగతి చెప్పాకే అగస్టస్ మీద ఆసక్తి పుట్టింది.

సంచిలో:

- పాస్‌పోర్టు, అసలుది. ఫోన్‌లో ఫోటోను ఒప్పుకోకపోవచ్చు.
- టికెట్ ఫోన్‌లో, ఒక కాపీ కాగితం మీద.
- నీళ్ల సీసా, ప్లాస్టిక్‌దో స్టీలుదో. గాజు సీసా లోపలికి రానివ్వరు.
- టోపీ, చలువ కళ్లద్దాలు, పల్చటి చున్నీ లేదా కండువా.
- వైరున్న మామూలు ఇయర్‌ఫోన్లు. గైడ్ ఇచ్చే రిసీవర్లకు చాలావరకు అవే సరిపోతాయి, వాళ్లిచ్చేవి చెవిలో నిలవవు.
- వేళకు వేసుకోవాల్సిన మాత్రలు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు.

వద్దన్నవి: సూట్‌కేసు, పెద్ద బ్యాక్‌ప్యాక్, స్ప్రే డబ్బాలు, పండ్లు కోసే చాకు. కొలోసియంలో సామాను దాచే చోటు లేదు. హోటల్ ఖాళీ చేసే రోజైతే సామాను అక్కడే వదిలి రండి.

చెప్పుల గురించి గట్టిగానే చెబుతాను. ఫోరమ్‌లో నడిచేది రెండువేల ఏళ్లుగా అరిగిన నల్లరాతి పలకల మీద. పలకకూ పలకకూ మధ్య సందులు, వాన పడితే జారుడు. అరిగిన చెప్పులు, మడమ చెప్పులు, కొత్తగా కొన్న బూట్లు మూడూ వద్దు. బాగా వాడిన స్పోర్ట్స్ షూస్ వేసుకోండి. చీర కట్టుకునే అమ్మలు కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకుంటే మెట్ల దగ్గర ఇబ్బంది ఉండదు.

## 6. టూర్ రోజు: ఏ వరుసలో చూడాలి

చాలా కంపెనీలు కొలోసియంతో మొదలుపెట్టి మధ్యాహ్నం ఎండలో ఫోరమ్‌లోకి తీసుకెళ్తాయి. మీ చేతిలో ఉంటే తిప్పేయండి: ముందు పలటైన్, తర్వాత ఫోరమ్, చివర కొలోసియం. ఫోరమ్‌లో నీడ లేదు, కొలోసియం నడవాల్లో ఉంది. పైగా పలటైన్ నుంచి ఫోరమ్‌కు దిగుడే. పెద్దవాళ్ల మోకాళ్లు ఈ వరుసను మెచ్చుకుంటాయి. కొలోసియం స్లాట్ పదకొండున్నర, పన్నెండు మధ్య పెట్టుకోండి.

### 6.1 పలటైన్ (45 నిమిషాలు)

సాన్ గ్రెగోరియో వీధి గేటు నుంచి లోపలికి వెళ్లండి. కొలోసియం ఎదురుగా, టైటస్ తోరణం వైపున్న గేటు కంటే ఇక్కడ జనం తక్కువ.

ఇక్కడ చూడాల్సింది రాజభవనాల వైశాల్యం. గోడలు మొండిగా ఉంటాయి, పాలరాయి ఎప్పుడో ఊడదీశారు. డొమిషియన్ చక్రవర్తి కట్టించిన పొడవాటి తోట లాంటి 'స్టేడియం' దగ్గర ఆగండి. ఇంగ్లిష్‌లో ప్యాలెస్ అనే మాట ఈ కొండ పేరులోంచే వచ్చింది.

తర్వాత ఫార్నీస్ తోటల అంచుకు వెళ్లి ఫోరమ్‌ను పైనుంచి చూడండి. దిగేముందే ఏది ఎక్కడుందో గైడ్‌ను వేలుపెట్టి చూపించమనండి. ఈ ఐదు నిమిషాలు వదులుకుంటే కింద గంటసేపు తికమకే.

### 6.2 ఫోరమ్ (గంటన్నర)

ఇక్కడ తొందరపడొద్దు. పది చోట్లు పైపైన చూడటం కంటే ఆరు చోట్ల నిలబడితే మేలు.

టైటస్ తోరణం. క్రీ.శ. 81 ప్రాంతానిది. కింద నిలబడి లోపలి వైపు గోడ చూడండి. 70లో యెరూషలేమును కొల్లగొట్టి తెచ్చిన ఏడు కొమ్మల దీపస్తంభాన్ని మోసుకెళ్తున్న సైనికులు కనిపిస్తారు. కొలోసియానికి డబ్బు ఎక్కడిదని అడిగితే గైడ్ ఈ గోడనే చూపిస్తారు.

మాక్సెంటియస్ బసిలికా అనే పెద్ద సభాభవనం. మూడు భారీ కమాన్లు చూసి ఇదే భవనం అనుకుంటాం. అది ఒక పక్క మాత్రమే, మధ్య హాలు వాటికంటే ఎత్తు. దీన్ని కట్టకముందు ఇక్కడ మిరియాల గిడ్డంగులుండేవి. ఆ మిరియాలు మన మలబారు తీరం నుంచి వెళ్లినవే.

చక్రవర్తి ఆంటొనైనస్, ఆయన భార్య ఫౌస్టినాల గుడి. క్రీ.శ. 141లో మొదలైంది, తర్వాత చర్చి అయింది. చర్చి తలుపు గాల్లో వేలాడుతున్నట్టుంటుంది. ఆ తలుపు పెట్టినప్పుడు నేల అక్కడిదాకా ఉండేది. శతాబ్దాల మట్టి పేరుకుని ఫోరమ్ పూడిపోయింది, తవ్వాక తలుపు పైన మిగిలింది. ఇక్కడ నేల ఎలా లేచిందో అర్థమైతే రోమ్ నగరం సగం అర్థమైనట్టే.

సీజర్ గుడి. రేకు కప్పు కింద మట్టిదిబ్బ, దాని మీద ఎవరో పెట్టిన పూలు. సీజర్‌ను దహనం చేసిన చోటు. చాలామంది దీన్ని తవ్వకాల చెత్త అనుకుని దాటిపోతారు.

సెప్టిమియస్ సెవెరస్ తోరణం. క్రీ.శ. 203. నాకు ఫోరమ్ మొత్తంలో ఇష్టమైన చోటు ఇదే. పైనున్న శాసనంలో నాలుగో వరుస దగ్గర రాయి కాస్త లోతుగా, అక్షరాల కంచు బిగించడానికి చేసిన పాత రంధ్రాలు ఇప్పటి అక్షరాలకు పొంతన లేకుండా ఉంటాయి. అక్కడ ముందు సెవెరస్ చక్రవర్తి చిన్న కొడుకు గేటా పేరు ఉండేది. అన్న కరకల్లా అతన్ని చంపించి, పేరును రాతి మీంచి కూడా చెక్కించేశాడు. ఖాళీలో వేరే బిరుదులు నింపారు. గైడ్ ఈ వరుస చూపించకుండా కదిలితే ఆపి అడగండి.

సాటర్న్ గుడి. ఎనిమిది స్తంభాలు మిగిలాయి. ప్రభుత్వ ఖజానా ఇక్కడే ఉండేది.

బయటికి వచ్చే ముందు మరుగుదొడ్డి పని లోపలే చూసుకోండి. మళ్లీ రానివ్వరని ముందే చెప్పాను.

### 6.3 కొలోసియం (గంటంబావు)

లోపలికి వెళ్లే ముందు బయటే ఐదు నిమిషాలు ఆగండి. కమాన్ల మీద చెక్కిన రోమన్ అంకెలు వెతకండి. మొత్తం 80 ద్వారాల్లో 76కు అంకెలుండేవి, ఇప్పుడు కనిపించేవి 23 నుంచి 54 వరకు. టికెట్ ముక్క మీద ఏ అంకె ఉంటే ఆ ద్వారంలోంచి వెళ్లాలి. మన క్రికెట్ స్టేడియం గేట్ల లెక్కే.

గోడనిండా ఉన్న గుంటలు తుపాకీ గుళ్లవి కావు. రాళ్లను కలిపి ఉంచిన ఇనుప బిగింపులను మధ్యయుగంలో తవ్వి తీసుకెళ్లారు. బయటి వలయం ఒక పక్కనే పూర్తి ఎత్తులో, 48 మీటర్లు, నిలిచి ఉంది. రెండో పక్కది 1349 భూకంపానికి కూలింది, ఆ రాళ్లతో నగరంలో వేరే కట్టడాలు లేచాయి.

లోపల బరి ఉండాల్సిన చోట గోడల చిక్కుముడి కనిపిస్తుంది. అవి నేలమాళిగలు. జంతువుల బోనులు, వాటిని పైకెత్తే యంత్రాలు అక్కడుండేవి. వాటి పైన చెక్క బల్లలు, బల్లల మీద ఇసుక. ఇసుకను లాటిన్‌లో హరేనా అంటారు, అరీనా అన్నమాట అక్కడి నుంచే వచ్చింది. నాగార్జునకొండ తవ్వకాల్లో దొరికి అనుపులో తిరిగి నిలబెట్టిన మెట్ల రంగస్థలం చూసినవాళ్లకు ఈ మెట్ల వరుసలు కొత్తేం కావు, ఆకారం, కొలత వేరు: ఇది 189 మీటర్ల పొడవు, 156 మీటర్ల వెడల్పు.

పై అంతస్తు మెట్లు నిటారుగా ఉంటాయి. పెద్దవాళ్లను లిఫ్ట్ దగ్గరికి తీసుకెళ్లమని గైడ్‌కు మొదట్లోనే గుర్తుచేయండి.

## 7. గైడ్ నుంచి రాబట్టుకోవడం

హెడ్‌సెట్ ఉంది కదా అని వెనకపడిపోతే గైడ్ చెప్పేది మీ చెవిలో, చూపించేది ఇంకెక్కడో. ముందు వరసలో నడవండి. ముందు వినండి, తర్వాత ఫోటో తీయండి. ఈ రెండూ ఒకేసారి చేయబోయి రెండూ పోగొట్టుకునేవాళ్లనే ఎక్కువ చూశాను.

ప్రతి చోటా ఒకే ప్రశ్న అడగండి: "ఇందులో అసలుది ఏది, తర్వాత అతికించింది ఏది?" మంచి గైడ్ మొహం వెలిగిపోతుంది. ఇటుక రంగు తేడా, గార తేడా చూపిస్తారు. రెండు మూడు చోట్ల అయ్యాక మీ కంటికే తెలిసిపోతుంది.

కథలు బిగించి చెప్పే గైడ్‌లూ ఉంటారు. 'వామిటోరియం' అంటే తిన్నది కక్కే గది అని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. జనం లోపలికీ బయటికీ పోయే దారికి ఆ పేరు. బొటనవేలు కిందికి చూపితే చావు అన్నది కూడా అంత ఖాయమైన సంగతి కాదు.

టిప్పు తప్పనిసరి కాదు. బాగా చెబితే చివర్లో ఇవ్వొచ్చు, ఇవ్వకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

## 8. తేడా వస్తే ఏం చేయాలి

కలుసుకునే చోటు దొరకలేదు. కొలోసియో మెట్రో దగ్గర రెండు స్థాయిలున్నాయి, కింద రోడ్డు, పైన లార్గో గయెతానా అన్యేసి. 'మెట్రో దగ్గర' అని మాత్రమే రాస్తే ఏ స్థాయో ముందురోజే అడగండి. ఇరవై నిమిషాల ముందు చేరండి.

గుంపు తప్పిపోయారు. అటూ ఇటూ పరుగెత్తకండి. గైడ్ చివరగా ఆగిన చోటుకే వెళ్లి నిలబడి ఫోన్ చేయండి. గైడ్ నంబరు టూర్ మొదలయ్యేలోపే తీసుకోండి.

ఎండదెబ్బ సూచనలు. నడక ఆపి నీడకు చేర్చండి. నగరంలో సుమారు 2,500 'నాసోనె' కుళాయిలు ఉన్నాయి, నీళ్లు చల్లగా, తాగడానికి బాగుంటాయి. కింద మూతి వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. సీసా అవసరం లేదు. పరిస్థితి ముదిరితే 112కు ఫోన్ చేయండి.

గ్లాడియేటర్ వేషంలో ఉన్నవాడు భుజం మీద చేయి వేశాడు. ఫోటో తీసుకుంటే డబ్బు అడుగుతాడు. ఆగకండి. చేతికి దారం కట్టేవాళ్లు, గులాబీ చేతిలో పెట్టేవాళ్లు కూడా అంతే.

జేబుదొంగలు. మెట్రో తలుపు మూసుకునే క్షణం వాళ్లది. సంచి ముందుకు వేసుకోండి. పాస్‌పోర్టు, డబ్బు ఒకేచోట పెట్టకండి.

ఆకలి, అందులోనూ శాకాహారం. కొలోసియం ఎదురుగా కూర్చుని తినొద్దు, ధర ఎక్కువ, రుచి తక్కువ. పది నిమిషాలు నడిచి మోంటి పేట వైపు వెళ్లండి. చతురస్రంగా కోసి తూకానికి అమ్మే పిజ్జా మనవాళ్లకు సులువు. 'సెంజా కార్నె, సెంజా పెషె' అంటే మాంసం, చేప లేకుండా అని. వేయించిన అన్నపు ఉండ 'సుప్లీ' చూడటానికి మన బోండాలా ఉంటుంది కానీ లోపల తరచూ మాంసం ఉంటుంది, అడిగి తీసుకోండి.

## 9. టూర్ మర్నాడు

గైడ్ లేకుండా, మెల్లగా.

పాంథియన్. 2023 జూలై నుంచి టికెట్ పెట్టారు. ఇది ఇప్పటికీ చర్చి, భుజాలు, మోకాళ్లు కప్పుకుని వెళ్లాలి. గుమ్మటం వెడల్పు 43.3 మీటర్లు, నేల నుంచి ఎత్తూ అంతే. నడినెత్తిన రంధ్రం తెరిచే ఉంటుంది, వాన లోపలే పడుతుంది. నేలలో నీళ్లు పోయే చిన్న చిల్లులు వెతకండి. ముందు గోడ మీద అగస్టస్ కాలపు అగ్రిప్ప కట్టించాడని రాసి ఉంటుంది కానీ ఇప్పుడున్నది తర్వాతి చక్రవర్తి హేడ్రియన్ కాలపు కట్టడం.

ఓస్టియా ఆంటికా. పిరమిడె మెట్రో పక్కనున్న పోర్టా సాన్ పావోలో స్టేషన్‌లో రైలెక్కితే దాదాపు అరగంట. మామూలు సిటీ టికెట్టే చాలు. రేవు పట్టణం మొత్తం ఉంది: అంగళ్లు, అద్దె ఇళ్లు, బారుగా కూర్చునే రాతి మరుగుదొడ్లు. వ్యాపారుల కూడలిలో ఏ అంగడి ఏ సరుకుదో నేల మీది రంగురాళ్ల బొమ్మలే చెబుతాయి. జనం తక్కువ, పైన్ చెట్ల నీడ ఎక్కువ. పిల్లలున్నవాళ్లు ఫోరమ్ కంటే దీన్నే ఇష్టపడతారు.

కాటకోంబ్‌లు, వయా అప్పియా అనే పాత రోడ్డు. లోపల ఏడాదంతా 16 డిగ్రీల దాకానే, ఆ కండువా ఇక్కడ పనికొస్తుంది. సందులు ఇరుకు, ఇరుకు చోట్ల భయపడేవాళ్లు పైనే ఉండి క్రీ.పూ. 312లో వేసిన రోడ్డు మీద నడవడం మంచిది.

## 10. పాంపేకు ఒక రోజు మిగిలితే

రోమ్ నుంచి నేపుల్స్‌కు వేగంగా వెళ్లే రైలులో గంటా పది నిమిషాలు, అక్కడి నుంచి చిర్కుంవెసువియానా లోకల్ రైలు. దిగాల్సిన స్టేషన్ 'పాంపే స్కావీ, విల్లా దెయి మిస్తెరి'. 2024 నవంబర్ నుంచి రోజుకు 20,000 మందినే పంపుతున్నారు, టికెట్ పేరుతోనే. మూడో భాగంలో చెప్పిన పేరు జాగ్రత్తలన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

గైడ్‌ను రెండు గంటలకే మాట్లాడుకోండి, మిగతా సమయం మీ ఇష్టానికి ఉంచుకోండి. తిరుగు ప్రయాణంలో నేపుల్స్‌లో రెండు గంటలు మిగిలితే జాతీయ పురావస్తు మ్యూజియానికి వెళ్లండి, మంగళవారం మాత్రం వద్దు, సెలవు. 1938లో పాంపేలో ఒక ఇంట్లో దొరికిన దంతపు బొమ్మ అక్కడుంది. 'పాంపే లక్ష్మి' అని పిలుస్తారు, యక్షి అనేవాళ్లూ ఉన్నారు. జడ, కాళ్లకు కడియాలు, నడుముకు ఒడ్డాణం. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలకముందే మన దేశం నుంచి అక్కడికి చేరింది. శాతవాహనుల కాలపు దక్కను పనితనమని కొందరు పండితుల అభిప్రాయం. అది 'రహస్య గది' అనే విభాగంలో ఉంటుంది. లోపలికి వెళ్లగానే అక్కడి ఉద్యోగులను ఆ గది ఇవాళ తెరిచి ఉందా అని అడిగి, ముందు దాన్నే చూసి, తర్వాత మిగతావి చూడండి.